గ్రాండ్ కాన్యన్ దిగేముందు: ఒకరోజు హైకింగ్ మీద అపోహలు, వాస్తవాలు

నేనుండేది అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్‌లో. వారాంతాల్లో మనవాళ్లని ఎడారి దారులకీ, లోయలకీ, అప్పుడప్పుడు కొలరాడో కొండలకీ తీసుకెళ్తుంటాను. మే నెల రాగానే ఫోన్లు మొదలవుతాయి. "అమ్మావాళ్లు వచ్చారండీ, పిల్లలకీ సెలవులే. గ్రాండ్ కాన్యన్ కిందిదాకా దిగేసి సాయంత్రానికి పైకొచ్చేద్దామనుకుంటున్నాం" అని. ఆ ప్లాన్ ఎందుకు కుదరదో విడమరిచి చెప్పడానికి ప్రతిసారీ అరగంట పడుతోంది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: తిరుమల మెట్లెక్కినవాళ్లం, ఇదొక లెక్కా?

అలిపిరి నుంచి మెట్లు సుమారు 3,550. ఒంట్లో ఓపిక నిండుగా ఉన్నప్పుడు ఎక్కుతాం. దారిపొడవునా నీడ, నీళ్లు, కొట్లు ఉంటాయి. పైకి చేరాక తిరిగి రావడానికి బస్సుంది. మధ్యలో ఓపిక అయిపోయినా దిగిరావడం తేలికే. గ్రాండ్ కాన్యన్‌లో ఇదంతా తలకిందులు. ముందు దిగుతాం. దిగుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి, పిల్లలు ముందు పరిగెడతారు. కాళ్లు అలిసి, ఎండ నెత్తిమీదికి వచ్చాక అసలు ఎక్కుడు మొదలవుతుంది.

లోయలోకి దిగే కాలిదారి బ్రైట్ ఏంజెల్ ట్రైల్ మొదలయ్యే చోటు దాదాపు 6,860 అడుగుల ఎత్తున ఉంది. కొలరాడో నది దగ్గరికొచ్చేసరికి 2,500 అడుగుల దరిదాపులకి దిగిపోతాం. అంటే సుమారు 1,300 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకి ఎక్కే ఎత్తుకి ఇది ఒకటిన్నర రెట్లకి పైనే. నదిదాకా దిగి అదేరోజు పైకి రావాలని చూడొద్దని, అందులోనూ మే నుంచి సెప్టెంబరు దాకా అసలొద్దని పార్కువాళ్లు మొత్తుకునేది ఇందుకే.

దిగడానికి పట్టిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పడుతుందనేది అక్కడి మామూలు లెక్క. ఆరు గంటల్లో ముగించాలనుకుంటే, రెండు గంటలు దిగగానే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. "ఆ మలుపుదాకా వెళ్లొచ్చేద్దాం" అనే మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి కోసమే వెనక్కి తిరిగే టైము పైనే, కార్ల దగ్గరే, అందరిముందూ చెప్పేస్తాను. కింద దాని గురించి చర్చ ఉండదు.

అపోహ: రెంటచింతల ఎండలు చూశాం, ఈ ఎండ మమ్మల్నేం చేస్తుంది?

పల్నాడు నుంచి మే నెలలో వచ్చిన అత్తయ్యగారి ఒంటికి, పదేళ్లుగా ఏసీలో కోడ్ రాస్తున్న అల్లుడి ఒంటికంటే ఎండ బాగా అలవాటై ఉంటుంది, నిజమే. ఎండకి ఒళ్లు అలవాటుపడడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. నీడపట్టున కొన్ని వారాలుంటే ఆ అలవాటు పోతుంది కూడా. కాబట్టి చిన్నప్పటి ఎండలు అల్లుడికి ఇప్పుడేమీ పనికిరావు. పైగా రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరూ కొండెక్కరు, తలుపులేసుకుని పడుకుంటారు. ఇక్కడా చేయాల్సింది అదే. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోయలో నడవొద్దని పార్కు హెచ్చరిక.

ఇంకో తిరకాసుంది. జులైలో సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) మీద సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 29 డిగ్రీల సెల్సియస్ అయితే, అడుగున అదే 41. పైన చల్లగాలికి స్వెటర్ వెతుక్కున్న మనిషి కిందికెళ్లేసరికి కొలిమిలో ఉంటాడు. గాలి పొడిది కావడంతో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. సాయంత్రం చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు చూసినప్పుడు అర్థమవుతుంది ఎంత పోయిందో.

నిక్కరు, చేతుల్లేని బనీను వేసుకుంటే చల్లగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. ఒళ్లు కప్పే వదులు బట్టలు కావాలి. చలికొండల్లో నూలు బట్టలు వద్దంటారు, ఎండ లోయలో మాత్రం తడిపిన నూలు చొక్కా, మెడచుట్టూ తడి తువ్వాలు బాగా పనిచేస్తాయి. నీళ్లు దొరికిన ప్రతిచోటా తడుపుకోవడమే. లోయలోకి దిగే మరో దారి సౌత్ కైబాబ్ ట్రైల్ మీద మాత్రం చుక్క నీరుండదు, అన్నీ మోసుకెళ్లాలి. బ్రైట్ ఏంజెల్‌లో కుళాయిలున్నా, లోయకి నీళ్లిచ్చే పాత పైపులైను తరచూ పగులుతుంటుంది. బయల్దేరే రోజు పొద్దున్నే నీళ్లు వస్తున్నాయో లేదో పార్కు బోర్డులో చూసుకోవాలి.

అపోహ: ఎన్ని నీళ్లు తాగితే అంత మంచిది

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇది. నీళ్లు తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఉప్పు తినకుండా గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూపోతే రక్తంలో సోడియం పలచబడిపోతుందని, దాన్ని హైపోనేట్రీమియా అంటారని, అది ముదిరితే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుందని చాలామందికి తెలియదు. గ్రాండ్ కాన్యన్‌లో రేంజర్లకి, అంటే పార్కు సిబ్బందికి, ఇది బాగా పరిచయమున్న జబ్బు.

చిక్కేమిటంటే లక్షణాలు వడదెబ్బకి దగ్గరగా ఉంటాయి. తలనొప్పి, వికారం, నీరసం, మాట తడబడడం. పక్కనున్నవాళ్లు కంగారుపడి ఇంకో బాటిల్ తాగించి పరిస్థితిని ఇంకా చెడగొడతారు. నేను ముందుగా అడిగేది మొహమాటం లేని ప్రశ్న: ఒంటికి వెళ్లి ఎంతసేపైంది, ఏ రంగులో ఉంది? గంటలుగా వెళ్లలేదు, వెళ్లినా ముదురు పసుపంటే నీళ్లు చాలలేదన్నమాట. మాటిమాటికీ తెల్లగా వెళ్తూ, దాహం లేకుండా, కడుపు కుడితి తొట్టిలా ఉండి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటే నీళ్లు ఆపేసి ఉప్పటివి తినిపించాలి. మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే ఆ రెండిట్లో ఏదని ఆలోచిస్తూ కూర్చోకుండా సాయం కోసం కబురుపెట్టాలి.

ఈ విషయంలో మన వంటింటిని మించిన దుకాణం లేదు. తీపి ఎనర్జీ బార్లు ఎండలో రెండోది తినలేం. పులిహోర, జంతికలు, కారప్పూస ఎంతైనా లోపలికెళ్తాయి. గంటకోసారి ఆగి, ఆకలి లేకపోయినా గుప్పెడు తినాలి. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు మూడు సంచిలో ఉంచుకుంటే మంచిది.

అపోహ: ఆకాశం నీలంగా ఉంది కదా, వరదేమిటి?

యూటా, అరిజోనాల్లోని సన్నటి స్లాట్ కాన్యన్లలో మనమున్నచోట వాన పడాల్సిన పనిలేదు. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయారు. వాన కురిసింది ఎగువన మైళ్ల దూరంలో. 2015 సెప్టెంబరులో జయాన్ పార్కులోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. ఎడారిలో రాతినేల నీటిని పీల్చుకోదు, పడిందంతా ఒక్కసారిగా ఆ సందుల్లోకి వచ్చేస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడా వానాకాలమే.

జయాన్‌లో నారోస్ నడక వర్జిన్ నదిలోనే సాగుతుంది. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే దారి మూసేస్తారు. శ్రీశైలం గేట్లెత్తినప్పుడు లక్షల క్యూసెక్కులని పేపర్లో చదివే మనకి నవ్వొస్తుంది కానీ, రెండు నిలువు గోడల మధ్య వెడల్పు కొన్నిచోట్ల 20, 30 అడుగులే. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురదరంగుకి మారినా, పుల్లాపుడకా కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి హోరు వినిపించినా, పక్కనున్న మెరకమీదికి వెంటనే ఎక్కేయాలి. వరదకి ముందు పరిగెత్తి గెలవలేరు. పొద్దున్నే వరద సూచన చూడకుండా స్లాట్‌లో కాలుపెట్టొద్దు.

చిన్నాచితకా అపోహలు

కాక్టస్ కోసి నీళ్లు తాగొచ్చంటారు. తాగితే వాంతులై ఉన్న నీళ్లూ పోతాయి.

జంపింగ్ చోయా అనే కాక్టస్ మనిషి మీదికి దూకుతుందంటారు. దూకదు, తగిలీ తగలకుండానే ముళ్ల ముద్ద ఊడి అంటుకుంటుంది. వేళ్లతో లాగితే వేళ్లకి అంటుకుంటుంది. పళ్ల దువ్వెన ఒకటి జేబులో వేసుకోండి, ముద్దకీ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసరండి. ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని.

రాటిల్‌స్నేక్ వెంటపడదు. కరిస్తే గాటుపెట్టడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు, ఆసుపత్రికి చేర్చడమే.

జిమ్‌కి వెళ్లేవాళ్లకి ఎత్తుల్లో తలనొప్పి రాదనేది తప్పు. ఎనిమిది వేల అడుగులు దాటాక ఎవరికైనా రావచ్చు, కండలకి సంబంధం లేదు. కొలరాడో శిఖరాల మీద వేసవి మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి. తెల్లవారకముందే మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా చెట్లున్న ఎత్తుకి దిగిపోవాలి.

అపోహ: ఏదైనా అయితే హెలికాప్టర్ వస్తుంది

రావచ్చు. విపరీతమైన ఎండలో గాలి పలచబడి హెలికాప్టర్ ఎగరడానికే పరిమితులుంటాయి, తుపాను గాలిలో అసలు రాదు. అప్పుడు రేంజర్లు నడిచి రావాలి, అదీ వాళ్ల ప్రాణానికి ముప్పు లేదనుకున్నాకే. లోయలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఏ ట్రైల్ ఎక్కుతున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేయకపోతే అత్యవసర నంబరు 911కి చెప్పాలో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టి బయల్దేరండి.

అపోహ: దిగకపోతే చూసినట్టే కాదు

అమ్మానాన్నలతో వచ్చేవాళ్లకి నేను చెప్పేది ట్రైల్ ఆఫ్ టైమ్. సౌత్ రిమ్ అంచునే యావపై మ్యూజియం దగ్గర మొదలై ఊరివైపు సాగే చదును దారి. ఒక్కో మీటరుకి పది లక్షల ఏళ్ల చొప్పున లోహపు గుర్తులు పాతారు. లోయలోని రాళ్లని వాటి వయసు ప్రకారం దారిపక్కన పెట్టారు, చేత్తో తాకి చూడొచ్చు. అన్నిటికంటే పాతది 184 కోట్ల ఏళ్లనాటిది. లోపలికి నాలుగడుగులు దిగాలనిపిస్తే సౌత్ కైబాబ్‌లో ఊ-ఆ పాయింట్ దాకా వెళ్లిరావచ్చు, ఒకవైపు ఒక మైలు కంటే కాస్త తక్కువ. పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనే ఉంచేయండి. రిమ్ మీద షటిల్ బస్సులు ఉచితం, ఎక్కడ అలిసిపోతే అక్కడి స్టాపులో ఎక్కేయొచ్చు.