అద్దె ఇంటి గోడ: రంగు కన్నా ముందు ఫినిష్

పోపు వేసేటప్పుడు స్టవ్ వెనక గోడ మీద పడ్డ పసుపు చుక్కను సబ్బు నీళ్లతో తుడిస్తే పోవడం అటుంచి, ఎర్రబడుతుంది. పసుపులో ఉండే కర్క్యుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కే గుణం ఉంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. ఆ మరక గోడ మీద నిలుస్తుందా, తుడిస్తే పోతుందా అన్నది చాలావరకు పెయింటు ఫినిష్‌ను, అంటే ఆరాక పై పొరకు ఉండే మెరుపును బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు చేయించే పెయింటింగులో తర్జనభర్జనంతా షేడ్ కార్డు దగ్గరే జరుగుతుంది. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఫినిష్.

ఎమల్షన్‌లో (నీళ్లతో పలచన చేసే గోడ పెయింటులో) నీళ్లు పోగా మిగిలేవి ముఖ్యంగా మూడు: టైటానియం డయాక్సైడ్ లాంటి రంగు పొడులు, చాక్ లాంటి నింపుడు పొడులు, వాటిని గోడకు పట్టి ఉంచే జిగురు. జిగురు పాలు ఎక్కువైతే పై పొర నున్నగా ఆరి వెలుతురును అద్దంలా ఒకే వైపుకు తిప్పుతుంది. సన్నగా మెరిసే శాటిన్, బాగా మెరిసే గ్లాసీ ఫినిష్‌లు అలాంటివి. పొడి పాలు పెరిగితే పొర గరుకై వెలుతురు నలుదిక్కులా చెదురుతుంది. అది మ్యాట్. పొడి మరీ ఎక్కువై, రేణువుల మధ్య సందులు నిండడానికి జిగురు చాలకపోతే పొరలో సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. చవక మ్యాట్‌లో ఇదే జరుగుతుంది. నూనె, పసుపు ఆ రంధ్రాల్లోకి ఇంకుతాయి. గట్టిగా రుద్దితే మరక పోదు సరికదా, గరుకు అరిగి అక్కడ మెరిసే మచ్చ పడుతుంది.

అలాగని ఇల్లంతా శాటిన్ కొట్టించకండి. కిటికీ పక్క గోడ మీద ఎండ ఏటవాలుగా పడితే లప్పం సరిగా రుద్దని ప్రతి ఎత్తుపల్లమూ ఆ మెరుపులో బయటపడుతుంది. మేకు తీసిన చోట కాస్త లప్పం పెట్టి రంగు అద్దితే మ్యాట్‌లో చాలావరకు కలిసిపోతుంది. శాటిన్‌లో పక్కనుంచి చూస్తే అతుకు తెలిసిపోతుంది, మూల నుంచి మూలదాకా గోడంతా మళ్లీ వేయాల్సిందే. కాబట్టి అద్దె ఇంట్లో పైకప్పుకు మామూలు మ్యాట్, హాలుకు, పడకగదులకు కడగడానికి వీలైన మంచి రకం మ్యాట్, వంటగది గోడలకు శాటిన్, తలుపులకు, పసుపు రాసే గడపకు ఎనామిల్ (నూనె పెయింటు) సరిపోతాయి. స్టవ్ వెనక మాత్రం ఏ పెయింటూ వద్దు. గట్టు మీద కనీసం 2 అడుగుల ఎత్తు టైల్ వేయించి, టైళ్ల సందుల్లో మరకలు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. తెల్ల సిమెంటు పెడితే పోపు మరకలు పీల్చుకుని పచ్చబడుతుంది.

ఇక రంగు సంగతి. కార్డు మీద లేతగా ఉన్న క్రీమ్ గదంతా వేశాక చిక్కగా కనిపించడానికి కారణం, వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడకు పడి తిరుగుతూ ఉండటమే. ఆ క్రీమ్ ఎరుపు కాంతిని 80 శాతం, నీలాన్ని 60 శాతం తిప్పి పంపుతుందనుకుందాం. రెండు గోడలు తాకేసరికి ఎరుపు 64, నీలం 36 శాతమే మిగులుతాయి. ఒక్క గోడతో 4:3గా ఉన్న తేడా 16:9 అయిపోతుంది. అందుకే కార్డులో నచ్చినదానికన్నా ఒకటి రెండు మెట్లు లేత షేడ్ తీసుకోవాలి. అమీర్‌పేట సందుల్లో కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడే ఉంటుంది. లోపలికొచ్చే వెలుతురు ఆ గోడ రంగును వెంట తెస్తుంది. ఉత్తరపు కిటికీ నుంచి వచ్చే ఆకాశపు వెలుతురులో గ్రే కాస్తా నీలంగా కనిపిస్తుంది. షాపులో చూసి నిర్ణయించకుండా, శాంపిల్ డబ్బా తెచ్చి రెండు వేర్వేరు గోడల మీద 2 అడుగుల చదరంలో రెండు కోట్లు (పూతలు) వేయండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు కింద ఒకలా, 3000 కెల్విన్ వెచ్చని బల్బు కింద ఇంకోలా ఉంటుంది.

ఒక గోడకు ముదురు ఎరుపో నీలమో వేసే మోజు అద్దె ఇంట్లో ఖర్చు పెంచుతుంది. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో (షాపులో రంగు కలపకముందు ఉండే మూల పెయింటులో) టైటానియం డయాక్సైడ్ తక్కువ, అందుకే కింది రంగు కప్పడానికి మూడు నాలుగు కోట్లు పట్టవచ్చు. తర్వాత దాన్ని లేత రంగులోకి మార్చాలంటే మళ్లీ ప్రైమర్ తప్పదు.

లెక్క సులువే. 10×12 గది, 10 అడుగుల ఎత్తు అయితే గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే దాదాపు 400. మంచి ఎమల్షన్ లీటరు రెండు కోట్లకు సుమారు 130 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 3 లీటర్ల పైచిలుకు పడుతుంది. 4 లీటర్ల డబ్బా చాలు. పాత డిస్టెంపర్ గోడ మీద తడి వేలు రాసి చూడండి. తెల్లపొడి అంటితే గీకించి, ప్రైమర్ వేయించాకే ఎమల్షన్. లేకపోతే ఆ పొడితో పాటే కొత్త పొర కూడా పెచ్చులుగా ఊడుతుంది.

అమ్మబోయే ఫ్లాట్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు చెమ్మ మీద రంగు వేయడం. కొనేవారిని మోసం చేయడమే కాక, ఆ పని నిలవదు కూడా. బాత్రూమ్ వెనక గోడలో చేరిన నీరు బయటికి ఆరుతూ లవణాలను వెంట తెస్తుంది. అవి పెయింటు కింద గడ్డకట్టి పొరను పైకి నెడతాయి. ఒకటిన్నర అడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు కడితే గోడలో తడి ఉన్నట్టే. ముందు లీకేజీ బాగుచేయించండి. కొత్తగా ప్లాస్టర్ చేసిన చోట 28 రోజులు ఆగాలి. తాజా సిమెంటు క్షారం నూనె పెయింటును సబ్బుగా మార్చి జిగటగా చేస్తుంది.

బాత్రూమ్‌లో మ్యాట్ నలుపు కుళాయిలు ఇప్పుడు ఫ్యాషన్. బోరు నీళ్ల ఇళ్లలో ఆ నలుపు మీద కాల్షియం తెల్ల మరకలు ఇట్టే కనిపిస్తాయి. వాటిని యాసిడ్‌తో కడిగితే పూత పోతుంది. క్రోమ్ కుళాయి, లేత బూడిద రంగు యాంటీ స్కిడ్ నేల టైల్ మేలు.

పని ముగిశాక షేడ్ కోడ్, బేస్ పేరు, ఫినిష్, బ్యాచ్ నంబరు ఒక కాగితం మీద రాసి మీటరు బోర్డు తలుపు లోపల అంటించండి. మిగిలిన రంగును చిన్న సీసాలో గాలి చేరకుండా అంచుదాకా నింపి మూత బిగిస్తే మీగడ కట్టదు, తర్వాత మేకు రంధ్రాలు పూడ్చినప్పుడు పనికొస్తుంది.