నలభై తొమ్మిదికీ అరవైకీ మధ్య

చంటిపిల్లలున్న ఇంట్లో గీజర్ ముల్లు ఎక్కడ పెట్టాలని ఒక పాఠకురాలు అడిగారు. 50 డిగ్రీల దగ్గర పెట్టండి. 60 ఎందుకు వద్దో తెలియాలంటే మాత్రం 1947కి వెళ్లాలి.

ఆ ఏడాది హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు పంది చర్మం మీదా, స్వచ్ఛందంగా వచ్చిన మనుషుల మీదా కొలిచి చూశారు. 44 డిగ్రీల దగ్గర చర్మం పాడవడానికి దాదాపు 6 గంటలు పట్టింది. 45 దగ్గర 3 గంటలు, 47 దగ్గర ముప్పావుగంట, 49 దగ్గర తొమ్మిది పది నిమిషాలు. 60 దగ్గర? 5 సెకన్లు. ఇవన్నీ పెద్దవాళ్ల లెక్కలు. పసిపిల్లల చర్మం పలచన కాబట్టి ఇంకా తక్కువ చాలు.

మామూలు రసాయన చర్య వేగం రెట్టింపు కావాలంటే సుమారు 10 డిగ్రీలు పెరగాలని ఇంటర్‌లో బట్టీ పట్టిస్తారు. ఇక్కడ 44కీ 49కీ మధ్య దాదాపు ఒక్క డిగ్రీకే రెట్టింపు! చర్మం కాలడమంటే అందులోని ప్రోటీన్ల మడతలు విడిపోవడమే. ఆ మడతల్ని పట్టి ఉంచేవి ఎన్నెన్నో బలహీనమైన హైడ్రోజన్ బంధాలు. ఒకటీ అరా తెగితే మళ్లీ అతుక్కుంటాయి, మూకుమ్మడిగా తెగితేనే మడత విడిపోతుంది. అందుకే హెన్రిక్స్ లెక్కలో ఉత్తేజన శక్తి, అంటే చర్య మొదలవడానికి దాటాల్సిన గట్టు, మోల్‌కు దాదాపు 628 కిలోజౌళ్లు వచ్చింది. ఉష్ణోగ్రతను బట్టి చర్య వేగాన్ని చెప్పే అర్హీనియస్ సమీకరణంలో ఆ అంకె ఘాతంలో ఉంటుంది కనుక ఉష్ణోగ్రత కాస్త కదిలినా వేగం ఎగిరిపోతుంది. విడిపోయిన మడత వెనక్కి రాదు, ఉడికిన గుడ్డు తెల్లసొన లాగే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1983లో కొత్త హీటర్లను 49 దగ్గరే అమర్చి అమ్మాలని చట్టం చేసింది. ఆ తర్వాత సియాటిల్‌లో కుళాయి నీళ్లకు కాలి ఆసుపత్రిలో చేరే పిల్లలు 1970ల నాటి సంఖ్యలో సగానికన్నా తక్కువకు పడిపోయారు. అంతకుముందు 1972లో అక్కడే పిల్లల రాత్రి దుస్తులు తేలిగ్గా అంటుకోకూడదని పరీక్ష పెట్టారు: గుడ్డ అంచుకు 3 సెకన్లు మంట తగిలించి, మాడిన పొడవు కొలవడం. వస్తువు మారితే గాయాలు తగ్గుతాయి, జాగ్రత్త అని తల్లిని మందలిస్తే కాదు.

మన ఇళ్లలో నేల మీది కిరోసిన్ స్టవ్ పోయి గ్యాస్ పొయ్యి గట్టెక్కింది. బకెట్ మాత్రం బాత్రూం నేల మీదే ఉంది. 1500 వాట్ల హీటర్ రాడ్ 15 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి పాతిక నిమిషాలు. దానికి థర్మోస్టాట్ ఉండదు, మరచిపోతే ఇంకో అరగంటలో మరుగుతాయి. అప్పుడప్పుడే నడిచే పిల్ల బకెట్ అంచు పట్టుకునే నిలబడుతుంది. కనుక ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేణ్నీళ్లు కలపాలి. గంజి, సాంబారు ఇంకా ప్రమాదం: చిక్కగా ఉండి ఒంటికి అంటుకుంటాయి, అంటే వేడి తగిలే సెకన్లు పెరుగుతాయి.

మీద పడ్డ వేణ్నీళ్లు జారిపోయినా చర్మం లోపలి పొర ఇంకా 44 పైనే ఉంటుంది, కాలే గడియారం నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికే 20 నిమిషాల పాటు కుళాయి ధార. తడిసిన బట్టలు వెంటనే తీయాలి, చర్మానికి అతుక్కుంటే ఆ చుట్టూ కత్తిరించాలి. ఐస్ వద్దు, రక్తనాళాలు ముడుచుకుంటాయి. టూత్‌పేస్టు, సిరా, దోశపిండి పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! డాక్టరు ముందు అదంతా కడగాలి, పిల్ల రెండోసారి ఏడవాలి. కాలినచోట ధార పడుతున్నంతసేపూ మిగతా ఒంటికి దుప్పటి కప్పండి, చంటిపిల్లలు త్వరగా చల్లబడతారు.

పిల్ల సొంత అరచేయి, వేళ్లతో సహా, ఒంట్లో దాదాపు 1 శాతం. కాలింది అంతకు మించినా, ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా ఆసుపత్రికే. 10 శాతం దాటితే సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది.