స్టీక్‌హౌస్‌లో భోజనం: అపోహలు - వాస్తవాలు

ఎనిమిదేళ్ళు గ్రిల్ ముందు నిలబడ్డాను. ఆరేళ్ళుగా హాల్లో టేబుళ్ళు చూసుకుంటున్నాను. మాది స్టీక్, అంటే గ్రిల్ మీద కాల్చిన బీఫ్ ముక్క వడ్డించే చోటు; పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని వచ్చి తినే మామూలు ఫ్యామిలీ స్టీక్‌హౌస్. గ్రిల్ దగ్గర ఉన్నన్నాళ్ళు నాకు తిరిగొచ్చిన ప్లేట్లే కనిపించేవి. హాల్లోకి వచ్చాక, ఆ ప్లేటు తిప్పి పంపాలా వద్దా అని మొహమాటపడుతూ కూర్చున్న మనుషులు కనిపిస్తున్నారు. వాళ్ళలో చాలామంది ఏమీ అనకుండానే లేచి వెళ్ళిపోతారు. ఆ మౌనం వెనక తరచుగా ఏదో ఒక అపోహ ఉంటుంది. నాకు బాగా ఎదురైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్లేట్లో ఎర్రగా కారేది నెత్తురు.

కాదు. పశువును కోసినప్పుడే నెత్తురు దాదాపు అంతా పోతుంది. కండలో మిగిలేది నీరు, అందులో కరిగి ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. కండకు ఆక్సిజన్ నిల్వచేసి పెట్టేది అదే, ఎర్రరంగు దానిదే. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేకొద్దీ అది రంగు మారి గోధుమ, బూడిద రంగుల్లోకి వెళ్తుంది. తక్కువ కాల్చిన ముక్కను కోసి రెండు నిమిషాలు వదిలేస్తే గాలి తగిలి ఇంకాస్త ఎర్రబడుతుంది కూడా. "కోసినప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు చూస్తే పచ్చిగా ఉంది" అని కంగారుపడేవాళ్ళు చూస్తున్నది దీన్నే.

ఇదంతా తెలిసినా ఆ ఎరుపు చూస్తే మనసొప్పని వాళ్ళుంటారు. అందులో తప్పేమీ లేదు, ఇంకాస్త కాల్చమని అడగండి.

అపోహ: 'మీడియం' అంటే అందరికీ తెలిసిందే.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ భోజనాలు పాడుచేసిన మాట ఇది. ఒకసారి మూడు తరాలు కలిసి వచ్చిన టేబుల్లో స్టీక్ ఎంత కాల్చాలని అడిగితే తాతగారు మీడియం అన్నారు. మేము పద్ధతి ప్రకారం మీడియమే ఇచ్చాం, నడిమధ్యన గులాబి రంగుతో. ఆయన అంచుల వెంబడి కోసుకుని తిని, మధ్య భాగమంతా ప్లేట్లో వదిలేశారు. ఏమైనా ఇబ్బందా అని అడిగితే కడుపు నిండిందన్నారు. బయటికి వెళ్తూ మనవరాలు చెప్పింది, లోపల ఎర్రగా ఉంటే తాతయ్య తినలేడని. ఆయన దృష్టిలో మీడియం అంటే మరీ మాడకుండా, మరీ పచ్చిగా లేకుండా మామూలుగా ఉడికినది. మా కిచెన్‌లో మీడియం అంటే ఒక ఉష్ణోగ్రత. మాట ఒకటే అయినా మేమిద్దరం రెండు వేర్వేరు ముక్కల గురించి మాట్లాడుకున్నాం.

కిచెన్ లెక్క ఇలా ఉంటుంది. ముక్క నడిబొడ్డున థర్మామీటర్ గుచ్చితే రేర్ సుమారు 49 నుంచి 52 డిగ్రీలు, లోపలంతా ఎరుపు, గోరువెచ్చగా ఉంటుంది. మీడియం రేర్ 54 నుంచి 57, మధ్యలో ఎరుపు, చుట్టూ గులాబి. మీడియం 60 నుంచి 63, మధ్యలో గులాబి పట్టీ. మీడియం వెల్ 65 నుంచి 68, ఆ గులాబి ఒక జాడగా మిగులుతుంది. వెల్ డన్ 71 పైన, గులాబి అన్నదే ఉండదు. ఒక్కో చోట ఒకటి రెండు డిగ్రీల తేడాతో పాటిస్తారు.

అందుకే ఆ తాతగారి తర్వాత నేను మీడియం అన్నవాళ్ళని "లోపల గులాబి రంగు ఉన్నా పరవాలేదా?" అని అడగడం మొదలుపెట్టాను. తిరిగొచ్చే ప్లేట్లు కళ్ళముందే తగ్గాయి. మీ సర్వర్ అడగకపోతే మీరే రంగుతో చెప్పండి. "మధ్యలో కొంచెం గులాబి చాలు", "ఎరుపు అస్సలు వద్దు" అంటే కొత్తగా చేరిన కుర్రాడికి కూడా అర్థమవుతుంది.

అపోహ: వెల్ డన్ అడిగితే ఏరిపారేసిన ముక్క వేస్తారు.

ఈ మాట ఎక్కడినుంచో గాలిలోంచి రాలేదు. మిగిలిపోయిన ముక్కల్ని వెల్ డన్ కోసం పక్కన పెట్టే కిచెన్లు ఒకప్పుడు ఉండేవని వృత్తిలో ఉన్న పెద్దవాళ్ళు చెప్పేవారు. నేను పనిచేసిన చోట్ల ముక్కలన్నీ ముందే తూచి, తేదీ అంటించి పెడతారు. ముందు వచ్చింది ముందు గ్రిల్ మీదికి వెళ్తుంది, ఎవరు ఎలా కాల్చమన్నారో దానికీ దీనికీ సంబంధం లేదు.

వెల్ డన్‌లో నిజమైన సమస్య వేరు. సన్నటి ముక్క ఎండి తోలులా అవుతుంది. మందపాటి ముక్క లోపల ఉడికేలోపు పైన మాడుతుంది. మీకు వెల్ డన్ ఇష్టమైతే కొవ్వు చారలు బాగా ఉన్న రిబ్ ఐ (పక్కటెముకల దగ్గరి ముక్క) తీసుకోండి, ఆ కొవ్వు కరిగి ముక్కని మెత్తగా ఉంచుతుంది. ఫిలే (వెన్ను కింది మెత్తటి ముక్క) అయితే మధ్యకి చీల్చి విప్పి కాల్చమని అడగండి. చాలా కిచెన్లు అడిగితే చేస్తాయి, సగం సమయంలో అయిపోతుంది, పైన నల్లబడదు. ఇలా తినే వాళ్ళని చులకనగా చూసే వంటవాళ్ళు ఉన్నారని తెలుసు. నాకు అది నచ్చదు. డబ్బు పెట్టి తినేవారికి నచ్చినట్టు వండటమే మా పని.

అపోహ: స్టీక్ తిప్పి పంపితే కిచెన్ కక్ష తీర్చుకుంటుంది.

ఆహారంలో ఏదో కలుపుతారని, ఉమ్మేస్తారని భయపడి నోరు మెదపనివాళ్ళు చాలామంది. పద్నాలుగేళ్ళలో నేనది ఒక్కసారీ చూడలేదు. గ్రిల్ లైన్ మీద ఒక మనిషి ఒంటరిగా ఉండడు. పక్కన వేపుడు చూసేవాడు, ఎదురుగా ప్లేట్లు సరిచూసేవాడు, వెనక మేనేజరు ఉంటారు. తిరిగొచ్చిన ప్లేటు మీద అందరి కళ్ళూ ఉంటాయి. మాకు అప్పుడు వచ్చే ఆలోచన ఒకటే: దీన్ని ఎంత త్వరగా సరిచేసి పంపగలం?

మీరు చేయాల్సింది ఒక్కటే, తొందరగా చెప్పడం. మొదటి ముక్క అంచున కోయకుండా నడిమధ్యన కోసి చూడండి. తక్కువ కాలి ఉంటే మళ్ళీ రెండు నిమిషాలు వేడి మీద పెట్టి సరిచేస్తాం. ఎక్కువ కాలిపోతే వెనక్కి తేలేం, కొత్తది వేయాల్సిందే. దానికి పావుగంట పడుతుంది, అప్పటికి మిగతావాళ్ళు సగం తినేసి ఉంటారు. మీరు ఎంత ముందు చెప్తే కుటుంబమంతా కలిసి తినే అవకాశం అంత మిగులుతుంది. ముప్పావు వంతు తిన్నాక చెప్తే క్షమాపణ చెప్పడం తప్ప మేనేజరు పెద్దగా చేయగలిగింది ఉండదు.

వేడి ఇనప పళ్ళెంలో చుయ్‌మంటూ వచ్చే స్టీక్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ పళ్ళెం మీద ముక్క ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. మీడియం రేర్ కోరుకునేవాళ్ళు మామూలు ప్లేట్లో అడగడం మంచిది.

అపోహ: పైపైన గట్టిగా కాలిస్తే రసం లోపలే ఉండిపోతుంది.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ 1847లో ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇది. తర్వాతి పరీక్షల్లో నిలబడలేదు. పైన గట్టిపడిన పొరలోంచి కూడా రసం బయటికి వస్తూనే ఉంటుంది, ఆ చిటపట శబ్దం దానిదే. గట్టి వేడి ఇచ్చేది రుచి, వాసన. ప్రోటీన్లు, చక్కెరలు కలిసి జరిపే ఆ మార్పుని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. రసం సంగతి ఎక్కువగా లోపలి ఉష్ణోగ్రత మీద, గ్రిల్ మీదినుంచి దించాక ముక్కకి ఇచ్చే నాలుగైదు నిమిషాల విశ్రాంతి మీద ఆధారపడుతుంది. ఆ కాసేపట్లో లోపలి వేడి మరో మూడు నుంచి అయిదు డిగ్రీలు పెరుగుతుంది. అందుకే గ్రిల్ మీదినుంచి కాస్త ముందే దించేస్తాం.

అపోహ: మెనూలో 12 ఔన్సులని రాసి చిన్న ముక్క ఇచ్చి మోసం చేస్తారు.

మెనూలో ఉండేది పచ్చిముక్క బరువు. 12 ఔన్సులంటే దాదాపు 340 గ్రాములు. కాలేటప్పుడు నీరు, కొవ్వు పోయి సుమారు పావు వంతు తగ్గుతుంది, వెల్ డన్‌లో ఇంకాస్త ఎక్కువ. ఎముక ఉన్న కట్ అయితే ఎముక బరువు కూడా అందులోదే. అదీ కాక 8 ఔన్సుల ఫిలే పిడికిలంత మందంగా, చిన్నగా కనిపిస్తుంది, అదే బరువు సర్లాయిన్ (నడుము దగ్గరి ముక్క) ప్లేటంతా పరుచుకుంటుంది. కంటికి కనిపించే సైజు చూసి బరువు చెప్పడం నాకే కష్టం.

అపోహ: ఖరీదు ఎక్కువైతే రుచి ఎక్కువ.

ఫిలే ఖరీదుకి కారణం దాని మెత్తదనం, పశువు మీద అది కొంచెమే దొరకడం. వెన్ను కింద పెద్దగా పనిచేయని కండ అది, అందుకే మెత్తన. మాంసం రుచి మాత్రం అందులో తక్కువే. రుచి కావాలంటే రిబ్ ఐ. మధ్యస్థంగా, జేబుకి తేలిగ్గా ఉండాలంటే సర్లాయిన్. ఫ్లాంక్ లాంటివి పోగులు పొడవుగా ఉండే కట్స్, వాటిని పోగులకి అడ్డంగా పల్చగా కోసుకుంటే హాయిగా నమలొచ్చు. పోగుల వెంట కోస్తే ఎంత బాగా వండినా రబ్బరులా సాగుతుంది. "మాంసం గట్టిగా ఉంది" అన్న టేబుల్ దగ్గరికి వెళ్ళి, కత్తి తిప్పి అడ్డంగా కోసి చూపించగానే ముఖాలు విచ్చుకోవడం ఎన్నిసార్లు చూశానో.

అపోహ: స్టీక్‌లో ఏముంటుంది, మాంసం, ఉప్పు, మిరియాలేగా.

ఇది మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. ఒకసారి పాల ఎలర్జీ ఉన్న పాపని తీసుకొచ్చిన తల్లి "స్టీక్‌లో పాలపదార్థాలు ఉంటాయా?" అని అడిగింది. కొత్త సర్వర్ "అది మాంసమేనండీ, ఏమీ ఉండవు" అన్నాడు. మేము స్టీక్ దించే ముందు దానిమీద వెన్న ముద్ద పెడతాం. ప్లేటు కిచెన్ దాటే ముందు సరిచూస్తుంటే ఆ టికెట్ (ఆర్డర్ చీటీ) మీద పిల్లల భోజనం కనబడి, అనుమానమొచ్చి వెళ్ళి అడిగాను కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్టీక్ మీద వెన్న రాయొచ్చు. నానబెట్టిన మసాలాలో సోయా సాస్, అందులో గోధుమ ఉండొచ్చు. బంగాళదుంప వేపుళ్ళు రొట్టెపొడి అద్దిన రొయ్యలు వేగిన నూనెలోనే వేగి ఉండొచ్చు. మాంసం తినని వాళ్ళకి కూడా ఇదే మాట: సూపులో ఎముకల రసం, చిక్కుడుగింజల కూరలో బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం) ముక్కలు, కూరగాయలు కాల్చిన గ్రిల్ మాంసం కాల్చినదే కావడం మామూలు. అడిగితే విడిగా పెనం మీద చేస్తారు. 'ఎలర్జీ' అన్న మాటని అలాగే వాడండి, టికెట్ మీద రాయించండి. "వద్దు" అంటే ఇష్టం లేదనుకుంటారు, "ఎలర్జీ" అంటే కత్తి, కోసే పలక, పెనం అన్నీ మార్చాల్సి ఉంటుంది.

అపోహ: స్టీక్ మీడియం రేర్ తినొచ్చు కాబట్టి బర్గర్ కూడా తినొచ్చు.

సూక్ష్మజీవులు ప్రధానంగా ముక్క పైభాగం మీద ఉంటాయి, గ్రిల్ వేడికి అవి చచ్చిపోతాయి. ఖీమా కొట్టినప్పుడు పైన ఉన్నదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ బీఫ్ ఖీమాకి 71 డిగ్రీలు, పూర్తి ముక్కకి 63 డిగ్రీలు, తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి చెప్తుంది. ఖీమా ఒక్కోసారి తగినంత ఉడక్కముందే గోధుమ రంగులోకి మారుతుంది కనుక దాని రంగుని నమ్మకూడదు. సూదులతో పొడిచి మెత్తబరిచిన స్టీక్‌కి కూడా ఇదే ప్రమాదం. లెక్క చూస్తే మీడియం రేర్ ఆ 63 కంటే తక్కువే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు తెలిసే ఆ చిన్న ప్రమాదాన్ని తీసుకుంటారు. చిన్నపిల్లలు, గర్భిణులు, బాగా వయసు మళ్ళినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు తీసుకోకపోవడమే మంచిది.

అపోహ: ఖాళీ టేబుళ్ళు కనిపిస్తున్నా కావాలనే నిలబెడతారు.

టేబుల్ ఖాళీగా ఉన్నంత మాత్రాన గ్రిల్ ఖాళీగా ఉన్నట్టు కాదు. అందర్నీ ఒకేసారి కూర్చోబెడితే ఆర్డర్లన్నీ ఒకేసారి గ్రిల్ మీద పడి, పది నిమిషాలు ఆగాల్సినవాళ్ళు టేబుల్ దగ్గర ముప్పావుగంట ఆగుతారు. అంతకంటే గుమ్మం దగ్గర ఆగడమే నయం. ఇక ఎనిమిదిమంది టేబుల్లో ఒకరు మందపాటి ఫిలే వెల్ డన్ చెప్తే, దానికి ఇరవై నిమిషాలు దాటుతుంది. మిగతా ఏడుగురి ముక్కలు దాన్ని బట్టే గ్రిల్ మీదికి వెళ్తాయి, అన్నీ ఒకేసారి వేడిగా రావాలి కదా. ఆకలితో ఉన్న పిల్లలుంటే వాళ్ళ భోజనం ముందు తెమ్మని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. మేమే అడిగి ఉండాల్సింది, శనివారం రాత్రి హడావిడిలో ఒక్కోసారి మర్చిపోతాం.