ఒక్కసారే ఎర్రగొచ్చి ఆగిపోయిందా? మూత్రంలో రక్తం: అపోహలు - వాస్తవాలు

"ఒంటికి వోతే ఒకసారి ఎర్రగొచ్చింది సారూ. గరమైందనుకున్న. బార్లీ నీళ్లు తాగితే తగ్గింది."

హన్మకొండలో యూరాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచి ఈ మూడు ముక్కలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బార్లీకి బదులు ఒకరు సబ్జా గింజలంటారు, ఒకరు పటిక బెల్లం అంటారు, ఇంకొకరు కొబ్బరి బోండం అంటారు. మిగతాదంతా అదే. పోయిన నెల మళ్లీ విన్నాను. అందుకే ఇది రాస్తున్నా.

వచ్చినాయన పరకాల దగ్గరి పత్తి రైతు, 58 ఏళ్లు. బట్టల షాపు క్యారీబ్యాగు నిండా కాగితాలు. ఏం ఇబ్బంది అని అడిగితే "ఏం లేదు సారూ, జర నీరసం" అన్నాడు. పక్కన కూర్చున్న భార్య ఊరుకోలేదు. "ఏం లేదా? మొన్న బాత్రూంల నెత్తురు గడ్డలు పడ్డయ్ గద, అది చెప్పవేంది?" అని గదమాయించింది. క్యారీబ్యాగు అడుగున పద్నాలుగు నెలల కిందటి యూరిన్ రిపోర్టు దొరికింది. ఎర్ర రక్తకణాల వరుసలో అంకె ఉండాల్సిన చోట 'ప్లెంటీ' అని ఉంది. దాని కింద ఎవరో పెన్నుతో గీత కూడా గీశారు. గీసి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాసిచ్చారు. మూడో రోజుకే మూత్రం తెల్లగా వచ్చింది. అవి పత్తి ఏరే రోజులు. మళ్లీ పరీక్ష చేయించుకునే తీరిక ఎవరికుంది?

అపోహ: రక్తం ఆగింది, అంటే జబ్బు తగ్గింది.

నా దగ్గరికి వచ్చే మగవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

మూత్రాశయం లోపలి గోడకు క్యాన్సర్ గడ్డ లేస్తే అది చూడటానికి చిన్న నాచు గుత్తిలా ఉంటుంది. దాని పైన ఉండే రక్తనాళాలు చాలా పలుచన. ఒకరోజు ఒకటి చిట్లుతుంది, మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తం గడ్డకట్టి ఆ చిట్లిన చోటు మూసుకుంటుంది, మూత్రం మామూలుగా వస్తుంది. మళ్లీ రెండు నెలలకో, ఆరు నెలలకో ఇంకోటి చిట్లుతుంది. మందు వేసుకున్నా, వేసుకోకపోయినా ఇలాగే వచ్చి పోతుంటుంది. మనం మాత్రం సరిగ్గా ఆ మధ్యలోనే బార్లీ తాగుతాం. పేరు బార్లీకొస్తుంది, గడువు గడ్డకు దొరుకుతుంది.

ఆ గడువులో జరిగేది తెలిస్తే ఎవరూ పద్నాలుగు నెలలు ఆగరు. గడ్డ లోపలి పొరలోనే ఉన్నప్పుడు పొట్ట కోయకుండా, మూత్రం వచ్చే దారిలోంచే పరికరం పంపి గీకేస్తాం. ఆ తర్వాత కొందరికి మూత్రాశయంలోకి బీసీజీ మందు వారానికోసారి ఆరు వారాలు ఎక్కిస్తాం. అవును, పుట్టిన పిల్లలకు టీబీ రాకుండా వేసే ఆ బీసీజీయే. కెనడాలో మొరాలెస్ అనే యూరాలజిస్టు ఇది పనిచేస్తుందని 1976లో చూపించాడు, ఇప్పటికీ దీన్నే వాడుతున్నాం. అదే గడ్డ గోడ కండరంలోకి దిగిందంటే లెక్క మారిపోతుంది. చాలామందికి మూత్రాశయం మొత్తం తీసేసి పొట్ట మీద సంచి పెట్టాల్సి వస్తుంది.

అపోహ: నొప్పి లేదు కదా, భయం లేదు.

ఈ మాట నేనూ అన్నాను. పేషంటుతో కాదు, సొంత పెద్దబాపుతో.

అప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. "బిడ్డా, ఒంటికి జర ఎర్రగొస్తంది, ఏమన్న గోలి చెప్పు" అని ఫోన్ చేశాడు. నొప్పి ఉందా అని అడిగా. లేదన్నాడు. "అయితే ఏం కాదు పెద్దబాపూ, నీళ్లు బాగా తాగు" అన్నా. దసరాకు ఊరికి పోయినప్పుడు గుర్తుపెట్టుకుని అడిగా కూడా. తగ్గిందన్నాడు. పాలపిట్టను చూసొచ్చి, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్నాం, ఆ ముచ్చట అంతటితో అయిపోయింది. ఎండాకాలంలో ఒక రాత్రి రెండింటికి నెత్తురు గడ్డలు అడ్డుపడి మూత్రం బందైంది. పొట్ట ఉబ్బి, మెలికలు తిరిగిపోతుంటే ట్రాక్టర్ మీద మెయిన్ రోడ్డుకు తెచ్చి, అక్కడ ఆటో ఎక్కించుకొచ్చారు. గడ్డ అప్పటికే కండరంలోకి దిగింది. మూత్రాశయం తీసేశారు. పొట్ట మీద సంచితో ఆరేళ్లు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా "మా పిలగాడే పట్టుకున్నడు జబ్బును" అని ఊళ్లో చెప్పుకునేవాడు. అది విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాకపోయేది. నేను యూరాలజీలోకి ఎందుకొచ్చానని అడిగేవాళ్లకు చెప్పే జవాబులు వేరే ఉన్నాయి గానీ, అసలు జవాబు ఇదే.

నడుములోంచి గజ్జల్లోకి దిగే నొప్పితో రక్తం వస్తే మేం ముందు రాయిని అనుమానిస్తాం. మంట, చలిజ్వరంతో వస్తే ఇన్‌ఫెక్షన్‌ను. ఏ నొప్పీ లేకుండా వచ్చే రక్తమే మమ్మల్ని నిటారుగా కూర్చోబెడుతుంది, ముఖ్యంగా నలభై దాటినవాళ్లలో, బీడీ సిగరెట్ అలవాటున్నవాళ్లలో.

ఇక్కడ భయపడేవాళ్లకు ఒక మాట. ఎర్రగా వచ్చిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. ఎక్కువమందికి కాదు కూడా. రాయి కావచ్చు, ప్రోస్టేట్ వాపు కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. నురగతో కోలా రంగులో వచ్చి, కాళ్లు, ముఖం వాస్తే కిడ్నీ జబ్బు కావచ్చు. బీట్‌రూట్ తిన్న మర్నాడు రంగు మారొచ్చు, టీబీ గోలీలతో నారింజ రంగు వస్తుంది. ఏది ఏమిటో తేల్చడానికే పరీక్షలు. గరం అనే రోగం మాత్రం ఆ జాబితాలో లేదు. ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోతే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, మంట పుడుతుంది, అది నిజమే. కానీ పసుపు వేరు, ఎరుపు వేరు.

"రక్తం పలచబడే గోలీలు వాడుతున్న, దానివల్లనే" అనేవాళ్లు కూడా కొందరు. స్టెంటు వేసుకున్నవాళ్లు ఎక్కువగా ఈ మాట అంటారు. ఆ గోలీలు లోపల ఉన్న గడ్డను ముందుగా బయటపెడతాయి, అంతే. పరీక్షలు వాళ్లకూ చేయాల్సిందే. గోలీలు మాత్రం గుండె డాక్టర్‌ను అడగకుండా సొంతంగా ఆపొద్దు.

అపోహ: స్కానింగ్‌లో ఏం లేదన్నారు, అయిపోయింది.

అల్ట్రాసౌండ్ మంచి పరీక్షే, కానీ మూత్రాశయం నిండా ఉన్నప్పుడు చేస్తేనే. తొందరపడి ముందే మూత్రం పోసి వచ్చినవాళ్ల స్కాన్‌లో మూత్రాశయం ముడుచుకున్న సంచిలా ఉంటుంది, లోపల ఏముందో తెలియదు. నిండా ఉన్నా సరే, చిన్న గడ్డలు, గోడకు అతుక్కుని పలచగా ఉండేవి దాటిపోతాయి. కాబట్టి యూరిన్ పరీక్ష, క్రిములున్నాయేమో చూసే కల్చర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, స్కానింగ్ అయ్యాక సిస్టోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపలికి చూసే పరీక్ష చేస్తాం, కొందరికి సీటీ కూడా. ఇన్‌ఫెక్షన్ అని మందు వాడినా, కోర్సు అయ్యాక మూత్రంలో రక్తకణాలు పోయాయో లేదో మళ్లీ చూపించుకోవాలి. ఆ పరకాల రైతు విషయంలో తప్పిపోయింది ఈ ఒక్క మెట్టే.

సిస్టోస్కోపీ అనగానే సగం మంది లేచి నిలబడతారు. "పైపు వేస్తే మగతనం పోతదంట గద సారూ" అని తలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి అడిగినవాళ్లున్నారు. పోదు. మెత్తగా వంగే సన్నటి గొట్టం, కొసకు కెమెరా. ముందు మత్తు జెల్లీ పెడతాం. ఐదు పది నిమిషాల పని. పేషంటు కావాలంటే తెర మీద తన మూత్రాశయాన్ని తనే చూసుకోవచ్చు. ఒకటి రెండు రోజులు మంటగా ఉంటుంది, కొంచెం ఎరుపు కనిపించవచ్చు. అదే రోజు ఇంటికి పోవచ్చు. ఇంకో మాట కూడా వింటుంటా: "ముక్క తీస్తే పాకుతదట." ముక్క తీయకపోతే అది ఏమిటో, ఎంత లోతుకు దిగిందో తెలిసే దారి లేదు. ముక్క పరీక్ష వద్దని ఇంటికి పోయి, నాటు మందు వాడి ఏడాదికి తిరిగొచ్చినవాళ్లలో పాకి ఉండటం చూశాను. అది ముక్క తీసినందుకు పాకింది కాదు.

బీడీ సంగతి. "పొగ ఊపిరితిత్తులకు పోతది, ఒంటికి పోయే సంచికేం సంబంధం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొగలోని విషాలు ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి కిడ్నీల ద్వారా మూత్రంలోకి వస్తాయి. ఆ మూత్రం మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటుంది, రాత్రంతా ఉంటుంది. గోడకు ఆ విషం తాకుతూనే ఉంటుంది. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో ఈ జబ్బు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చే కొన్ని ఇళ్లలో బీడీలు చుట్టేది భార్య, తాగేది భర్త. మానేయమని ఆయనకు చెబుతుంటే ఆమె ముఖంలోకి చూడటం కష్టంగా ఉంటుంది.

ఖర్చు మాట కూడా చెప్పాలి. తెలంగాణ ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్సలున్నాయి, కుటుంబానికి ఏడాది పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే వివరాలు చెబుతారు.

ఇక మిగతావి గబగబా. వృషణంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే అది వరిబీజమేలే అని మీరే తీర్పు చెప్పుకోవద్దు, ఆ క్యాన్సర్ పడుచు వయసులోనే ఎక్కువగా వస్తుంది, తొందరగా వస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. హాస్టల్ పిల్లలకు ముఖ్యంగా: అర్ధరాత్రి వృషణంలో ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాంతులు మొదలైతే పొద్దున చూద్దాం అనుకోవద్దు. అది మెలిపడి ఉంటే ఆరు గంటల లోపు విప్పాలి, లేదంటే తీసేయాల్సి రావొచ్చు. సిగ్గుపడి వార్డెన్‌కు చెప్పక తెల్లారేదాకా పడుకున్న పిల్లాణ్ని చూశాను. ఇక అంగస్తంభన సమస్యకు గోలీ కొనుక్కునే ముందు షుగర్, బీపీ చూపించుకోండి. అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నం, పూడిక ముందు అక్కడే తెలియొచ్చు.

వీటికి పూర్తిగా ఎదురు దిక్కున ఇంకో రకం పేషంట్లు ఉంటారు. పెద్దవాళ్లు రక్తం వచ్చినా రారు, కుర్రాళ్లు ఏమీ లేకపోయినా నిద్ర మానుకుని వస్తారు. ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కు వచ్చి హన్మకొండలో రూము తీసుకున్న పిల్లవాడు ఒకడు, 23 ఏళ్లు, ముక్కినప్పుడు తెల్లగా జిగురు పడుతోందని గోడ మీద నంబరు చూసి ఎక్కడికో పోయాడు. ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తమని చెప్పి, ఇంటి నుంచి పంపిన మెస్సు డబ్బులన్నీ ఊడ్చుకున్నారు. ఆ నలభై చుక్కల లెక్క ఏ శాస్త్రంలోనూ లేదు. ఈ భయానికి మాత్రం వైద్యంలో పేరుంది. ధాతు సిండ్రోమ్ అని సైకియాట్రిస్టు ఎన్.ఎన్. విగ్ 1960లోనే పెట్టారు. పిల్లాడి రిపోర్టులన్నీ నార్మల్. అరగంట కూర్చోబెట్టి మాట్లాడా. పోయేముందు "నిజంగనే ఏం లేదా సార్?" అని మూడోసారి అడిగాడు. మూడోసారీ చెప్పా. వీర్యంలో ఒకసారి రక్తం కనిపించి వణికిపోతూ వచ్చే కుర్రాళ్లకూ ఇదే మాట: ఆ వయసులో చాలావరకు దానంతటదే పోతుంది, వచ్చి ఒకసారి చూపించుకుంటే చాలు. అలా వచ్చినవాణ్ని చూసి నవ్వే డాక్టర్ దగ్గరికి రెండోసారి పోకండి.

పరకాల రైతు గడ్డ ఇంకా కండరంలోకి దిగలేదు. పద్నాలుగు నెలల తర్వాత కూడా దిగకపోవడం ఆయన అదృష్టం, అంతకుమించి నా దగ్గర వివరణ లేదు. గీకేశాం, ముక్క రిపోర్టు వచ్చింది, బీసీజీ మొదలైంది. మూడు నెలలకు మళ్లీ కెమెరా పెట్టి చూడాలి. రెండో డోసుకు వచ్చినప్పుడు వెంట బామ్మర్దిని తెచ్చాడు. ఆయన మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను ఫైలు మూసేదాకా ఆగి, "వీనికి గూడ ఎర్రగొచ్చిందంట సారూ, దాస్తుండె. గుంజుకచ్చిన" అన్నాడు మా రైతు.

ఎప్పుడు వచ్చిందని అడిగా.

"మొన్న సోమారం" అన్నాడు బామ్మర్ది.

ఆయనకు నడుములో నొప్పి కూడా ఉంది. పరీక్షలన్నీ చేశాం, కెమెరాతో సహా. మూత్రాశయం శుభ్రంగా ఉంది, ఎడమ కిడ్నీలో 6 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. రిపోర్టు చేతికిస్తూ సంగతి చెప్పగానే, అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకున్న మనిషి ముఖం విప్పారింది. తలుపు దగ్గర ఆగి, బావ వినకుండా అడిగాడు:

"రాయే గద సారూ, మరి ఈత కల్లు తాగితే కరుగుతదా?"