దిష్టిబొమ్మ మొహం అటు తిప్పి

చిన్నీ, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. క్లాసులో సీసీ కెమెరా పెట్టాక ఎవరూ చాక్‌పీసులు విసురుకోవడం లేదట. "మేమంతా మంచివాళ్లమైపోయినట్టేనా తాతయ్యా?" అని అడిగావు చిన్నీ. గడుసు ప్రశ్నే.

చేలో దిష్టిబొమ్మ పాతిన రోజు పిట్టలు ఆ ఛాయలకే రావు. నాలుగు రోజులకు గట్టుదాకా వస్తాయి. ఆపైన కాకి దాని నెత్తినే కూర్చుంటుంది. మీ కెమెరా సంగతీ చూద్దాం.

పిట్టలదాకా ఎందుకు? ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ఒకచోట టీ, కాఫీ ఎవరికి వారే కలుపుకుని డబ్బాలో డబ్బులు వేసేవారు. అడిగేవాళ్లు లేరు. ధరల కాగితం మీద ఒక వారం పూల బొమ్మ, మరో వారం కళ్ల బొమ్మ పెట్టి చూశారు. కళ్లున్న వారాల్లో దాదాపు మూడు రెట్లు డబ్బు పడింది. 2006లో అచ్చయిన సంగతి. ఉత్త కాగితం కళ్లు! తర్వాత ఇలాంటివే చేసి చూసిన చాలామందికి మాత్రం తేడా కనబడలేదు. అక్కడ కాకి నెత్తికెక్కేసి ఉంటుంది.

నాకు పదేళ్లప్పుడు జొన్నచేను కావలి నాదే. మంచె, వడిసెల, అరుపులు. మా కంకికింకా గింజ పట్టలేదు. ఒక మధ్యాహ్నం పక్క చేలోకి దిగి నాలుగు పాలకంకులు విరిచాను. తలెత్తితే మా దిష్టిబొమ్మ! దానికి నాన్న పాత చొక్కా తొడిగింది నేనే, కుండకు సున్నంతో కళ్లు పెట్టిందీ నేనే. అయినా గాలికి ఆ చొక్కా చెయ్యి లేచేసరికి గుండె ఝల్లుమంది. ఏం చేశానో తెలుసా? వెళ్లి దాని మొహం అటు తిప్పి వచ్చి, కంకులు కాల్చుకుని తిన్నాను.

సాయంత్రం పక్క చేను పెద్దాయన వచ్చాడు. "మా చేనుకూ కాపు కాశావురా" అని ఒడినిండా కంకులు పోశాడు. ఆయన ఏమీ చూడలేదు, ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. అయినా ఆ రాత్రి ఒక్క గింజ మింగుడుపడలేదు, జొన్న నూగు గొంతులో ఉండిపోయినట్టు. బొమ్మ మొహం తిప్పగలిగాను, దీన్నెటు తిప్పను? పెద్దలు దీనికేదో పేరు పెట్టారు. నాకు మాత్రం ఇప్పటికీ వింతే.

కాబట్టి చిన్నీ, కెమెరా ఉన్న గది సంగతి వదిలెయ్. అది లేని వరండాలో నీ చేతులేం చేస్తున్నాయో ఓసారి చూసుకో.

సంక్రాంతికి వస్తారుగా. ఆ వారమే కొత్త దిష్టిబొమ్మ పాతుదాం. రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చుని చూడండి. ఎన్నో రోజుకు కాకి దాని నెత్తినెక్కుతుందో మీరే లెక్కపెట్టాలి.

మీ తాతయ్య