తాళ్లు కప్పుకున్న ఇంజన్

దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్లకీ, అక్కడ స్థిరపడిన డచ్ సంతతి వాళ్లైన బోయర్లకీ మధ్య బోయర్ యుద్ధం (1899-1902) నడుస్తున్న రోజులవి. అక్కడి బ్రిటిష్ వలస ప్రాంతమైన నాటాల్‌లో బ్రిటిష్ నావికులు ఒక రైలింజన్‌కి ఓడల్లో వాడే లావుపాటి తాళ్లు చుట్టారు. బాయిలర్ మీంచి కిందికి వరసలు వరసలుగా తాళ్లే. దూరం నుంచి జూలు పెరిగిన జంతువులా కనిపించేదేమో, సిపాయిలు దానికి 'హెయిరీ మేరీ' అని పేరు పెట్టారు, అంటే బొచ్చు మేరీ. తూటా తగిలి ఆవిరి గొట్టానికి చిల్లు పడితే బండి అక్కడే ఆగిపోతుంది. ఆ తూటా వేగాన్ని తాడు మింగేస్తుందని వాళ్ల ఆశ.

ఇలాంటి ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1882లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ జాన్ ఫిషర్ ఇనప రేకులు, ఇసుక బస్తాలతో ఒక రైలును యుద్ధానికి సిద్ధం చేశాడు.

అయితే రేకులూ తాళ్లూ తూటాలను ఆపుతాయి గానీ పట్టాలను కాపాడలేవు. బోయర్లకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు. 1899 అక్టోబర్ 12న క్రాయ్‌పాన్ దగ్గర పట్టాలు తప్పించి, మాఫెకింగ్ ఊరికి వెళ్తున్న బ్రిటిష్ సాయుధ రైలును పట్టుకున్నారు. యుద్ధంలో తొలి కాల్పులు అక్కడే జరిగాయి.

నవంబర్ 15న నాటాల్‌లోని చీవ్లీ దగ్గర కూడా అదే జరిగింది. ఎస్ట్‌కోర్ట్ నుంచి బయల్దేరిన ఆ రైలు పెట్టెలకు పైకప్పు లేదు, తలుపులూ లేవు. సైనికులు గోడెక్కి దిగాల్సిందే. బోయర్లు రైలును ముందుకు పోనిచ్చి, అది తిరిగొచ్చే దారిలో పట్టాల మీద రాళ్లు పెట్టారు. ఫిరంగి మోతకు డ్రైవర్ వేగం పెంచాడు, ముందు పెట్టెలు పట్టాలు తప్పాయి. అడ్డుపడిన పెట్టెను ఇంజన్‌తో నెట్టుకుంటూ, కురుస్తున్న తూటాల మధ్య గంటకు పైగా పెనుగులాడారు. చివరికి ఇంజన్ గాయపడ్డవాళ్లతో బయటపడింది. రైలుకు నాయకత్వం వహించిన కెప్టెన్ హాల్డేన్, విలేకరిగా వెళ్లిన విన్‌స్టన్ చర్చిల్ బందీలయ్యారు.

నాటాల్ రైల్వేలో కష్టపడ్డవాళ్లలో మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు చాలామంది. నాటాల్ చేరిన ఆ కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ యుద్ధం కథల్లో వాళ్ల ఊసే రాదు, అది నాకు బాధగా ఉంటుంది.

1900లో బోయర్లు గెరిల్లా పోరులోకి దిగి రైళ్లను పేల్చడం మొదలుపెట్టారు. ఆ జూన్‌లో బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ ఒక ప్రకటన చేశాడు: స్థానిక బోయర్ పెద్దలను రైళ్లలో ఎక్కించి తీసుకెళ్లాలని. ఇనుమూ తాడూ చాలక మనుషులనే కవచంగా వాడుకోవడం ఇది. విమర్శలొచ్చాక, కొన్ని వారాలకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు.