భూత్ బంగ్లా తీసేసే ముందు

సంక్రాంతి సెలవుల్లో అక్క కొడుకును తీసుకుని జడ్చర్ల దాటాక హైవే పక్కనున్న ఒక చిన్న పార్కుకు వెళ్లాను. పేరు ఇక్కడ అవసరం లేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆ పార్కుకు భూత్ బంగ్లాయే పెద్ద పేరు. ఇద్దరు పట్టే ఇనుప బండి, కింద ఒంటి పట్టా. బండి ముందు తలుపును ధడేల్మని గుద్దుకుని లోపలికి పోతే ఇక అంతా చీకటే. ఈసారి వెళ్తే షట్టరు దించి ఉంది. దాన్ని పీకేసి, తెర మీద బొమ్మకు తగ్గట్టు కుర్చీలు కదిలే ‘సెవెన్ డి’ థియేటర్ పెడతారట.

"ఎవరు ఎక్కుతున్నరన్నా? పిల్లలు దయ్యాన్ని చూసి నవ్వుతున్నరు" అన్నాడు టికెట్లిచ్చే అబ్బాయి.

ఆ షట్టరు ఫొటో తీసి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, రెండు రోజులు అదే గొడవ. ఆ పాత డబ్బా ఎప్పుడో పోవాల్సిందని కొందరు. పెళ్లయిన కొత్తలో ఆవిడ మొదటిసారి తన చెయ్యి గట్టిగా పట్టుకున్నది అందులోనేనని ఒకడు. తీసేయాలా ఉంచాలా అన్న ఈ పంచాయితీ మనతో మొదలైంది కాదు. లోకంలో చాలా పార్కుల్లో జరిగింది. కొన్నిచోట్ల తీసేసినవాళ్లు మళ్లీ పాతదే వెతుక్కుంటూ వచ్చారు కూడా. అందుకే కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

మన జాతరల్లో కనిపించే భూత్ బంగ్లా, పార్కుల్లో బండెక్కి చీకట్లో తిరిగే ‘డార్క్ రైడ్’ ఒకటి కావు. పెద్దగట్టులోనో, కురుమూర్తిలోనో, మన్యంకొండలోనో జెయింట్ వీల్ పక్కన రేకుల షెడ్డు వేసి, ముందు కోరల రాక్షసుడి బొమ్మ గీసి పెట్టేది ఎక్కువగా నడిచి చూసేదే. పది మందిని ఒక్కసారి లోపలికి తోలుతారు. మాస్కు పెట్టుకున్న కుర్రాడొకడు మూల నుంచి దూకుతాడు. అక్కడ భయపెట్టేది మనిషి. మన గుంపులో ఒక మొండోడుంటే ఆ దయ్యానికే దెబ్బలు పడతాయి, అది వేరే కథ. డార్క్ రైడ్‌లో మాత్రం నీ కాళ్లు నీ చేతిలో ఉండవు. బండి ఎటు తిరిగితే అటు పోవాలి, వెనక్కి రావడానికి లేదు. దానికి పట్టాలు, మోటారు, గట్టి కట్టడం కావాలి. లారీలో వేసుకుని జాతర జాతరకూ తిప్పడం కష్టం. మన వైపు అవి అరుదుగా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు.

చీకట్లో, ఇరుకులో దూరి బయటపడటంలో ఉన్న గమ్మత్తు మనకు కొత్తదేం కాదు. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు ఎక్కినవాళ్లకు మూడు గుండ్ల సంగతి తెలుసు. రెండు బండల మధ్య ఒళ్లు ఒరుసుకుంటూ, ఊపిరి బిగబట్టి పోవాలి. ఎంత లావు మనిషైనా పడతాడని పక్కనున్నవాళ్లు ధైర్యం చెబుతూనే ఉంటారు, మన గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. దాన్ని రైడ్ అంటే తప్పవుతుంది, అది మొక్కు. బయటికొచ్చాక వచ్చే నవ్వు మాత్రం అదే నవ్వు.

డబ్బులు తీసుకుని చీకట్లో తిప్పే వ్యాపారానికి మొదటి పెద్ద మెట్టు 1901లో అమెరికాలోని బఫెలో నగరంలో పడింది. అక్కడి ప్రదర్శనలో ఫ్రెడరిక్ థాంప్సన్ అనే ఆయన ‘ఎ ట్రిప్ టు ది మూన్’ పెట్టాడు. జనాన్ని ఊగే ఓడలో కూర్చోబెట్టి, చుట్టూ దృశ్యాలు మార్చి, చంద్రుడి మీదికి తీసుకెళ్లినట్టు నమ్మించాడు. ఆ ఓడ పేరు లూనా. మనకు లూనా అంటే మోపెడే గుర్తొస్తుంది, అక్కడ మాత్రం 1903లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో తెరిచిన పార్కుకు లూనా పార్క్ అని పేరు పెట్టారు. తర్వాత దేశదేశాల్లో పార్కులకు అదే పేరు అంటుకుంది. అదే 1901లో పిట్స్‌బర్గ్ పక్కన కెన్నీవుడ్ పార్కులో ‘ఓల్డ్ మిల్’ మొదలైంది. చీకటి కాలువలో పడవ మెల్లగా పోతుంటుంది. అప్పట్లో పెళ్లికాని జంటలకు పక్కపక్కన కూర్చునే చోటు దొరకడమే కష్టం కాబట్టి, ఇలాంటి పడవలు దయ్యాల కంటే ప్రేమకే ఎక్కువ పనికొచ్చాయి.

అసలు మలుపు వచ్చింది డబ్బులు లేక. న్యూజెర్సీలో బ్రిడ్జ్‌టన్ అనే ఊళ్లో లియోన్ కాసిడీ ఒక చిన్న పార్కు నడిపేవాడు. ఓల్డ్ మిల్ పెట్టాలని ఆశ, నీళ్ల కాలువ తవ్వించే స్తోమత లేదు. అందుకని 1920ల చివర్లో నీళ్లు మానేసి, నేల మీద ఒకే ఇనుప పట్టా వేసి, దాని మీద కరెంటు బండి నడిపాడు. చోటు తక్కువ కాబట్టి పట్టాను అటు మడిచి ఇటు మడిచి గదిలో ఇరికించాడు. ఎక్కి దిగిన ఒకాయన ‘నన్ను ప్రెట్జెల్ లాగా మెలితిప్పారు’ అన్నాడని చెబుతారు. ప్రెట్జెల్ అంటే అక్కడి జంతిక అనుకోవచ్చు. ఆ మాటే కంపెనీ పేరైంది. బండి పక్కన జంతిక ఆకారంలో బరువైన ఇనుప రేకు కూడా పెట్టారు, చూపుకు చూపు, బండి ఒరిగిపోకుండా బరువుకు బరువు.

ఈ మెలికల్లోనే కిటుకంతా ఉంది. చిన్న గదిలో పెద్ద ప్రయాణం చేయించాలంటే మనిషికి దిక్కు తెలియకుండా చేయాలి. చీకట్లో నాలుగుసార్లు గిరుక్కున తిప్పితే తూర్పేదో పడమరేదో ఎవరికీ తెలియదు. ఒకే గోడ పక్క నుంచి మూడుసార్లు పోయినా మూడు కొత్త చోట్లకు వెళ్లినట్టే ఉంటుంది. ఆ రోజుల్లో దయ్యాలకు కరెంటు కూడా పెద్దగా లేదు. బండి చక్రం ఒక మీటను తొక్కితే బొమ్మ లేచేది, బండి పోగానే పడుకునేది. పైకప్పు నుంచి వేలాడే దారం ముఖానికి తగిలితే సాలెగూడు అనుకుని కేక. దారానికి ఖర్చెంత? నా లెక్కలో భూత్ బంగ్లాలన్నింటిలో అత్యంత చవకైన, అత్యంత పనిచేసే దయ్యం ఆ దారమే.

ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో 1930లో ఇదే పద్ధతి రైడ్‌కు ‘ఘోస్ట్ ట్రైన్’ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి ఆ పేరు ప్రపంచమంతా పాకింది. ఇక డిస్నీ వాళ్లు 1967లో ఆగకుండా వరసగా సాగే బండ్లు తెచ్చారు. ప్రతి సీటూ తిరుగుతూ మన చూపును వాళ్లు చూపాలనుకున్న వైపే తిప్పుతుంది. 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో గాలిలో నాట్యమాడే దయ్యాలను చూసి కంప్యూటర్ మాయ అనుకుంటారు. కాదు. ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద అద్దం, మనకు కనపడని చోట వెలుగులో ఉన్న బొమ్మలు, అంతే. 1862లో లండన్‌లో జాన్ పెప్పర్ స్టేజీ మీద చూపించిన కిటుకే అది. రాత్రిపూట బస్సు కిటికీ అద్దంలో మన ముఖం బయట చెట్ల మీద తేలుతూ కనిపిస్తుంది కదా, అచ్చం అదే.

ఇంతవరకు సరదా కథ. ఈ రైడ్‌లు ఎందుకు మూతపడ్డాయో చెప్పాలంటే మంటల గురించి చెప్పక తప్పదు.

1979 జూన్ 9 రాత్రి సిడ్నీలోని లూనా పార్క్‌లో ఘోస్ట్ ట్రైన్ తగలబడింది. ఏడుగురు చనిపోయారు. నలుగురు బడి పిల్లలు, ఒక తండ్రి, ఆయన ఇద్దరు కొడుకులు. లోపలి చెక్క, గుడ్డ, రంగులు అన్నీ తొందరగా అంటుకునేవే. బండ్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతూనే ఉన్నాయి. 1984 మే 11న న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో నడిచి చూసే హాంటెడ్ కాజిల్‌లో మంట లేచి ఎనిమిది మంది టీనేజీ పిల్లలు పోయారు. అది లారీ ట్రైలర్లను కలిపి కట్టిన కట్టడం. తాత్కాలికమైనదని దానికి మంటలార్పే స్ప్రింక్లర్లు పెట్టలేదు. ఏళ్ల తరబడి నడిచిన కట్టడాన్ని కాగితాల మీద తాత్కాలికం అన్నారు. ఆ తర్వాతే అమెరికాలో ఇలాంటి చీకటి వినోద భవనాలకు స్ప్రింక్లర్లు ఉండాలన్న నిబంధన గట్టిపడింది.

మనకూ హెచ్చరికలు లేకపోలేదు. 2019 జనవరి 30న నాంపల్లి నుమాయిష్‌లో స్టాళ్లు తగలబడ్డాయి. ప్రాణాలు పోలేదు కానీ, ఎగ్జిబిషన్‌కు ఫైర్ అనుమతి ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు అన్నది హైకోర్టు దాకా వెళ్లింది. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ కాలిపోయి పిల్లలతో సహా పాతిక మందికి పైగా చనిపోయారు. రేకుల షెడ్డు, లోపల వెల్డింగ్ పని, నిల్వ ఉన్న ఇంధనం, ఫైర్ ఎన్‌ఓసీ లేకపోవడం. చీకటి లేకుండానే అంత ఘోరం. కాబట్టి పాత భూత్ బంగ్లా మూసేయమనే వాళ్లను తక్కువ చేసి మాట్లాడలేను. నేను చూసిన ఈ పార్కులోనే, రెండో తలుపు ముందు కూల్‌డ్రింక్ ట్రేలు పేర్చి ఉన్నాయి. రైడ్ మూసేశారు కదా అనుకోవచ్చు. కానీ ఆ ట్రేల మీద దుమ్ము చూస్తే, రైడ్ నడుస్తున్నప్పటి నుంచే అక్కడ ఉన్నట్టున్నాయి.

అయితే మంట వల్ల తీసేయడం వేరు, పాతబడిందని తీసేయడం వేరు. రెండోదాని చరిత్ర అంత సూటిగా లేదు.

ఫ్లోరిడా డిస్నీలో 1971 నుంచి ఉన్న మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్‌ను తీసేస్తున్నారని తెలిసి అభిమానులు ఆకుపచ్చ చొక్కాలేసుకుని వచ్చి నిరసన చేశారు. ఆగలేదు. 1998లో మూసేసి, మరుసటి ఏడు అదే చోట విన్నీ ది పూ అనే ఎలుగుబంటి కథ రైడ్ తెరిచారు. దాని లోపల గోడకు ఒక చిన్న పటం ఉంటుంది. పాత రైడ్‌లోని కప్ప దొర టోడ్ ఆ ఇంటి దస్తావేజును పూ కథలోని గుడ్లగూబ చేతికి అందిస్తున్న బొమ్మ. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అప్పగింతలా! కెన్నీవుడ్ వాళ్లు 2004లో ఓల్డ్ మిల్‌ను గార్ఫీల్డ్ పిల్లి బొమ్మలతో, త్రీడీ కళ్లద్దాలతో కొత్తది చేశారు. పదిహేనేళ్లు గడిచాక 2020లో అస్థిపంజరాలతో సహా పాత పేరుకే తిరిగొచ్చారు.

ఇంకా ఆసక్తికరమైంది కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ సంగతి. 1975లో అక్కడ ఎలుగుబంట్ల కుటుంబంతో ఒక పిల్లల డార్క్ రైడ్ పెట్టారు. పదేళ్లు దాటాక తీసేసి, 1987లో డైనోసార్లు పెట్టారు. అవి 2004లో పోయాయి. ఆ కట్టడం పదేళ్లకు పైగా ఖాళీగా పడి ఉంది. 2015లో తెరల మీద బొమ్మలను తుపాకీతో కాల్చే రైడ్ వచ్చింది, అదీ ఐదేళ్లు నిలవలేదు. 2021లో మళ్లీ అవే ఎలుగుబంట్లు తిరిగొచ్చాయి. పాతదే గెలిచిందని చప్పట్లు కొట్టకండి, తెరలూ కాల్చే ఆటా అలాగే ఉంచి కథ మాత్రం పాతది తెచ్చారు. కానీ ఒకటి గమనించాలి. ఎన్ని మార్పులు చేసినా బండి, పట్టా, చీకటి మెలికలు మాత్రం వాళ్లు వదల్లేదు.

మన చిన్న పార్కులు వదిలేస్తున్నది సరిగ్గా దాన్నే. వాళ్ల బాధ అర్థం కానిది కాదు. అచ్చంపేట, కల్వకుర్తి వాళ్లు శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే తుక్కుగూడ దగ్గర రావిర్యాలలో 2016లో వచ్చిన వండర్‌లా ఉంది. నల్లగొండ వాళ్లు విజయవాడ హైవే మీద హైదరాబాద్ పోతుంటే దారిలోనే 1996 నాటి రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. బడి పిల్లల టూర్ బస్సులన్నీ అటే. వాటితో పోటీ పడలేని పార్కుకు సెవెన్ డి థియేటర్ సులువైన దారి. కదిలే కుర్చీలు, తెర, నీళ్లు చల్లే గొట్టం. దయ్యం బొమ్మ రబ్బరు పగిలిందనీ, వైరును ఎలుక కొరికిందనీ టెన్షన్ లేదు. కొత్త సినిమా కావాలంటే పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. కానీ అదే సినిమా పక్క జిల్లా మాల్‌లో కూడా ఉంటుంది. తెర అన్నది ఇప్పుడు ప్రతి పిల్లాడి జేబులోనూ ఉంది. టికెట్ కొని తెర చూడటానికి మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి ఎవరొస్తారు?

నన్నడిగితే, దయ్యాలను తీసేయండి. ఆ బొమ్మలు ఎలాగూ ఎవరినీ భయపెట్టడం లేదు. పట్టాను మాత్రం ఉంచండి. గోడలకు మంట పట్టని షీట్లు వేసి, రెండు వైపులా బయటికి తెరుచుకునే తలుపులు పెట్టి, పొగ వస్తే లైట్లన్నీ వాటంతటవే వెలిగి బండి ఆగే ఏర్పాటు చేయండి. బొమ్మల మీద పెట్టే డబ్బు ముందు దీని మీద పెట్టాలి. ఆ తర్వాత లోపల కథ ఏదైనా ఉండొచ్చు. నల్లమల అడవి రాత్రి, నాగార్జునసాగర్ కింద మునిగిన లోయ. ఒక పులి కళ్లు, దూరంగా నీళ్ల చప్పుడు, ముఖానికి ఒక దారం.

ఆ రోజు బతిమాలితే టికెట్లిచ్చే అబ్బాయి షట్టరు సగం లేపాడు. లోపల ట్యూబ్‌లైట్ వేశాడు. నా జీవితంలో అత్యంత పొడవైన ప్రయాణాల్లో ఒకటని నేను అనుకున్నది రెండు పోర్షన్ల ఇల్లంత గదిలో జరిగింది. పట్టా పామును చుట్టచుట్టినట్టు పడి ఉంది.

"ఇంతేనా మామా?" అన్నాడు మా అల్లుడు.

"లైట్ ఆర్పితే చూడు" అన్నాను. టికెట్ అబ్బాయి నవ్వి స్విచ్ ఆపాడు. మా అల్లుడు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.